టైప్‌డెఫ్‌లు తీసేయబోతే కోడ్ పాడైంది, సాయం చేయండి

ప్రశ్న (మధురవాడ నుంచి):
నమస్కారం అండి. రుషికొండ దగ్గర ఒక చిన్న కంపెనీలో సి కోడ్ చూస్తుంటాను. మా పాత కోడ్‌లో ప్రతి స్ట్రక్చర్‌కీ (కొన్ని విలువల్ని ఒకే కట్టగా ఉంచేది) ఒక టైప్‌డెఫ్, అంటే మారుపేరు, ఉంది. అవి తీసేసి అన్నిచోట్లా ‘స్ట్రక్ట్’ అనే రాయమన్నారు. నిన్న సెడ్ అనే, పదాలు వెతికి మార్చే టూల్‌తో మార్చాను. కామెంట్లలో, స్క్రీన్ మీద పడే మెసేజ్‌లలో కూడా పేర్లు మారిపోయాయి. సోమవారం ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (గాజువాక నుంచి):
కంగారు పడకండి. ముందు గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర ఉంచే టూల్) నిన్నటి మార్పులన్నీ వెనక్కి తీసేయండి, వాటిని సరిదిద్దుతూ కూర్చోవద్దు. సెడ్‌కి అక్షరాలే తెలుసు, సి తెలియదు. ఈ పనికి కాక్సినెల్ వాడండి, అది సి కోడ్‌ని అర్థం చేసుకుని మార్చే టూల్. లినక్స్ కెర్నల్ వాళ్లు ఏళ్లుగా వాడుతున్నారు. స్ట్రక్చర్లకి టైప్‌డెఫ్ వద్దని వాళ్ల కోడింగ్ నియమాల్లోనే ఉంది.

పేరు లేని స్ట్రక్చర్లుంటే ముందు వాటికి ట్యాగ్ (‘స్ట్రక్ట్’ తర్వాత వచ్చే పేరు) పెట్టండి. తర్వాత ఏం మార్చాలో కాక్సినెల్‌కి చెప్పే రూల్ ఫైల్‌లో పై భాగంలో పాత పేరును టైప్‌డెఫ్ అని ప్రకటించండి. ఇది మరిచిపోతే కాక్సినెల్ దాన్ని మామూలు పేరు అనుకుంటుంది. నేనూ మొదట్లో ఇక్కడే ఒక పూటంతా పోగొట్టుకున్నాను. కింద మైనస్ గుర్తు పెట్టి పాత పేరు, ప్లస్ గుర్తు పెట్టి ‘స్ట్రక్ట్’తో ట్యాగ్ పేరు రాస్తే చాలు. హెడర్ ఫైళ్లూ మారాలంటే దానికి వేరే ఆప్షన్ ఇవ్వాలి. టైప్‌డెఫ్ రాసిన అసలు లైన్లు చేత్తోనే మార్చుకోండి. మాక్రోల (కంపైల్‌కి ముందే కోడ్‌గా మారిపోయే పేర్లు) లోపల కొన్ని మిగిలిపోవచ్చు, చివర్లో గ్రెప్ అనే టూల్‌తో పాత పేరు వెతికి చూడండి.

అసలు జాగ్రత్త పడాల్సింది పాయింటర్‌ని (డేటా ఉన్న చోటును చూపించేది) దాచిన టైప్‌డెఫ్‌ల దగ్గర. అలాంటి పేరుతో ఒకే లైన్‌లో ‘ఎ, బి’ అని రాస్తే రెండూ పాయింటర్లే. దాన్ని ‘స్ట్రక్ట్ నోడ్ *ఎ, బి’ అని మారిస్తే బి పాయింటర్ కాదు, మొత్తం స్ట్రక్చరే అయిపోతుంది. ‘మారకూడదు’ అని చెప్పే కాన్స్ట్ ఉంటే ఇంకా చిక్కు. పాత పేరు ముందు కాన్స్ట్ పెడితే మారకూడనిది పాయింటర్. ‘కాన్స్ట్ స్ట్రక్ట్ నోడ్ *’ అని రాస్తే మారకూడనిది అది చూపించే డేటా. కొన్నిసార్లు కంపైలర్ ఏమీ అనదు. కాబట్టి నక్షత్రం తర్వాతే కాన్స్ట్ రావాలి. వీటిని ఒక్కొక్కటీ కళ్లతో చూసే మార్చండి.

అయ్యాక డీబగ్ సమాచారం లేకుండా పాతదీ కొత్తదీ కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చండి. టైప్‌డెఫ్ మారుపేరే కాబట్టి తేడా రాకూడదు.

ప్రశ్న అడిగినవారు:
చేశానండి, చాలా థాంక్స్. ఒక్క ఫైల్‌లోనే తేడా వచ్చింది. అందులో అసర్ట్‌లు (తప్పు జరిగితే లైన్ నంబర్ చెప్పి ప్రోగ్రామ్‌ని ఆపేసేవి) ఉన్నాయి, పైన టైప్‌డెఫ్ లైన్ పోవడంతో వాటి లైన్ నంబర్లు ఒకటి తగ్గాయి. అక్కడ ఒక ఖాళీ లైన్ పెట్టి చూస్తే రెండూ సరిపోయాయి.