ఆరు వాయిదాలు మిగిలి ఉండగా కొత్త ఫోను తీసుకోవచ్చునా?

పర్లాకిమిడి కుట్టుమిషను

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. జనవరిలో సరిహద్దు దాటి ఆంధ్ర వైపు ఉన్న పాతపట్నంలో ఒక దుకాణంలో 18,000 రూపాయల ఫోను వాయిదాల మీద తీసుకున్నాను. అప్పు ఇచ్చింది దుకాణం కాదు, ఒక ఫైనాన్సు కంపెనీ. ముందు 3,000 కట్టాను, మిగిలినది నెలకు 1,500 చొప్పున పది నెలలు. నాలుగు కట్టాను, ఆరు ఉన్నాయి.

నా పని సగం ఫోనులోనే జరుగుతుంది. బరంపురం నుంచి, గుణుపురం నుంచి చీరలు వస్తాయి. చీర పక్కన లైనింగు గుడ్డ, దారపు ఉండ పెట్టి ఫోటో తీసి పంపుతాను, వాళ్ళు సరే అంటే కత్తెర వేస్తాను. ఫిబ్రవరిలో ఫోను మిషను బల్ల మీద నుంచి జారి నేరుగా కత్తెర మీద పడింది. తెర పగలలేదని సంతోషించాను. కానీ అప్పటి నుంచి ఫోటోలకు మంచు పట్టినట్టు ఉంటోంది. మొన్న ఒకావిడ ఫోటో చూసి సరే అన్నది. తీరా జాకెట్టు చేతికి వచ్చాక చూస్తే చీరది వంకాయ రంగు, నా దారానిది నేరేడు రంగు. రెండు చేతుల అంచులూ విప్పి మళ్ళీ కుట్టాను. కూలి అడగలేకపోయాను.

అదే దుకాణానికి వెళ్ళి చెప్పుకుంటే అతను ఒక దారి చూపించాడు. ఈ ఫోను 6,500కు తీసుకుంటాడట. 24,000 ఫోను ఇస్తాడట. మిగిలిన 17,500కు నెలకు 1,750 చొప్పున పది వాయిదాలు, వడ్డీ లేదు. మరి పాత వాయిదాల సంగతి ఏమిటని అడిగితే, "అవి వాటి దారిన అవి నడుస్తాయి, మీరు కంగారు పడకండి" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు కంగారు పట్టుకుంది.

ఇంకొక సంగతి. మార్చిలో ఖాతాలో డబ్బు తక్కువై వాయిదా మూడు రోజులు ఆలస్యమైంది. పొద్దున్నే ఫోను తీస్తే తెర మీద ఉన్న అమ్మవారి బొమ్మ పోయి నల్లటి పలక, దాని మీద నా బాకీ సంగతి. అప్పుడే కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆవిడ చూసింది కూడా.

అమ్మాయి జూలైలో బరంపురం కాలేజీలో చేరుతుంది. ఈ ఫోను అమ్మకుండా దానికే ఇచ్చి నేను కొత్తది కొనుక్కుంటే మేలా? సిమ్‌లో జనవరిలో ఏడాదికి సరిపడా రీఛార్జి చేయించాను, కంపెనీ మారితే అది ఏమవుతుంది?

బరంపురం మరమ్మతు బల్ల

అక్కా, నేను ఫోన్లు బాగుచేస్తాను. మీ ఫోను చెడిపోలేదని నా అనుమానం. కెమెరా పైన చిన్న గాజు బిళ్ళ ఉంటుంది. అది వేరు, లోపల ఉన్న కెమెరా వేరు. కత్తెర మొన తగిలి ఆ బిళ్ళ మీద గీత పడి ఉంటుంది, ఆ గీతలోకి సుద్ద పొడి చేరి ఉంటుంది. రాత్రి వెలుగుతున్న బల్బును ఫోటో తీసి చూడండి. బల్బు చుట్టూ తెల్లగా అలుక్కుపోయినట్టు వస్తే గాజు గీత అనుకోవచ్చు. మా దగ్గర ఆ గాజు మార్చడానికి 300 లోపే తీసుకుంటాం. జిగురు సరిగా వేసేవాడి దగ్గరే చేయించండి, లేకపోతే వానాకాలంలో లోపల చెమ్మ చేరుతుంది.

ఇక మార్చిలో మీ తెర మీద పడిన నల్ల పలక గురించి. దాన్ని మేం తాళం అంటాం. వాయిదాల ఫోను మీద అప్పు ఇచ్చినవాళ్ళు పెట్టే తాళం ఆ ఫోను ఐఎమ్‌ఈఐ నంబరుకు, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు నంబరుకు, కట్టి ఉంటుంది. సిమ్ మార్చినా పోదు, ఫోనులో ఉన్నదంతా చెరిపేసినా మళ్ళీ వస్తుంది. అమ్మాయికి ఇస్తే, ఇక్కడ మీ ఖాతాలో డబ్బు తగ్గిన రోజున బరంపురంలో ఆమె ఫోను మూగబోతుంది.

పాతది తీసుకుంటానన్న అతని లెక్క నాకు అసలు నచ్చలేదు. అప్పు తీరని ఫోను అతను ఇంకెవరికో అమ్ముతాడు. అలాంటి ఫోను ఒకటి ఇప్పుడు నా సొరుగులో ఉంది. మోహన నుంచి వచ్చిన ఒకతను 5,000 పెట్టి పాతది కొన్నాడు. పదో రోజున తాళం పడింది. అమ్మినవాడు దొరకడు, అప్పు ఇచ్చినవాళ్ళకు ఇతనెవరో తెలియదు. *#06# నొక్కితే ఆ ఐఎమ్‌ఈఐ నంబరు వస్తుంది. ఇంగ్లీషులో KYM అని రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు సందేశం పంపితే, అది దొంగ ఫోనుగా నిలిపివేసినదో కాదో తెలుస్తుంది. అప్పు ఉందో లేదో మాత్రం దానిలో తెలియదు.

రాయగడ పింఛనుదారు

అమ్మా, నేను బ్యాంకులో పని చేసి విరమించాను. మీరు ఇచ్చిన అంకెలే కలిపి చూశాను. అతని మాట వింటే వచ్చే ఆరు నెలలూ నెలకు 1,500, 1,750 కలిపి 3,250 కట్టాలి. అందులో 1,500 మీ చేతిలో లేని ఫోనుకు. నాలుగు నెలలు వాడిన 18,000 ఫోనుకు 6,500 ఇస్తున్నాడు, అప్పు మాత్రం మీ పేరునే ఉంచుతున్నాడు. ఈ బేరంలో కంగారు పడవలసింది అతను కాదు కదా!

వడ్డీ లేదన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. సున్నా వడ్డీ అనేది ఉండదని, అది ధరలోనో రుసుములోనో కలిసి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలి. అసలు ఎంత, ఏడాదికి పడే మొత్తం ఖర్చు ఎంత శాతం, ముందుగా తీర్చేస్తే ఎంత వసూలు చేస్తారు, అన్నీ అందులో ఉంటాయి. మీకు ఇచ్చారా? ఆ రోజు ఫోను తెర మీదే వేలితో సంతకం పెట్టించి పంపేసి ఉంటారు. అడిగి తెప్పించుకోండి.

ముందుగా తీర్చడానికి రుసుము ఉండదని పత్రికల్లో చదివి ఉంటారు. 2026 జనవరి 1 నుంచి అమలైన ఆ నియమం వడ్డీ మారుతూ ఉండే అప్పులకు. ఫోను అప్పులకు సాధారణంగా వడ్డీ స్థిరంగా ఉంటుంది, కనుక పత్రంలో ఏముందో అదే చెల్లుతుంది. మిగిలిన 9,000 ఒకేసారి కట్టేయగలిగితే కట్టేయండి. కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకోండి, తాళం తీసేశారో లేదో ఫోనులో చూసుకోండి, ఖాతా నుంచి నెలనెలా తీసుకునే అనుమతిని బ్యాంకులో రద్దు చేయించండి. ఈ మూడోదే అందరూ మరిచిపోతారు. నేను కౌంటరులో ఉన్నప్పుడు అప్పు తీరిన రెండు నెలల తరువాత కూడా డబ్బు కోత పడిందని ఏడ్చినవాళ్ళను చూశాను.

డాలస్‌లో పర్లాకిమిడి

మా ఊరి పేరు చూసి ఆగాను. ఇక్కడ అమెరికాలో ముడి వేరే చోట వేస్తారు. ఫోను దాదాపు ఉచితం అంటారు. నిజానికి దాని ధరను 36 నెలలకు పంచి, ప్రతి నెలా బిల్లులో వేసి, అంతే మొత్తం మినహాయిస్తారు. మధ్యలో కంపెనీ మారితే మినహాయింపు ఆగిపోతుంది, మిగిలిన ధర అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. అది తీరే వరకు వేరే కంపెనీ సిమ్ ఆ ఫోనులో పని చేయదు. నాకు ఇంకా 14 నెలలు ఉన్నాయి. ఇంట్లో సిగ్నలు అందక మెట్ల మీద కూర్చుని అమ్మతో మాట్లాడుతున్నాను, కానీ కదలలేను. మీకు ఫోను అప్పు వేరు, సిమ్ వేరు. ఆ స్వేచ్ఛను పోగొట్టుకోకండి. ఫోనూ సిమ్మూ కలిపి ఇస్తామని ఎవరైనా వస్తే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ముందే అడగండి.

గుణుపురం రీఛార్జి

సిమ్ సంగతి నేను చెబుతాను. కొత్త ఫోనులో పాత సిమ్ వేసుకుంటే రీఛార్జికి ఏమీ కాదు. కంపెనీ మారితే మాత్రం మిగిలిన నెలలు పోయినట్టే, డబ్బు తిరిగి రాదు, కొత్త కంపెనీకి బదిలీ కాదు. మారాలనే ఉంటే జనవరి దగ్గర పడ్డాక ఇంగ్లీషులో PORT అని రాసి, ఖాళీ వదిలి మీ నంబరు రాసి 1900కు పంపండి, ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే పని చేస్తుంది. పోర్ట్ కావాలంటే, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారాలంటే, ఇప్పటి కంపెనీలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి, అది మీకు ఎలాగూ అయిపోయింది.

ఒకప్పుడు మీ ఊళ్ళో ఫోను పట్టుకుని వీధి దాటితే చాలు, పాతపట్నం టవరు అందుకుని రోమింగు అని డబ్బు పోయేది. మా మామయ్య పెరట్లో మాట్లాడవద్దని ఇంట్లో అందరికీ ఆంక్ష పెట్టాడు. ఇప్పుడు ఆ బాధ లేకపోవడమే పెద్ద సుఖం.

పర్లాకిమిడి కుట్టుమిషను

అందరికీ దండాలు. బల్బు ఫోటో తీశాను తమ్ముడూ, అచ్చం మీరు చెప్పినట్టే వచ్చింది. ఇక్కడ బజారులోనే గాజు మార్పించాను, 250 తీసుకున్నాడు. పాత బిళ్ళను భూతద్దంలో చూపించాడు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి, కాజా కుట్టు తప్పినట్టు. గీతల నిండా నా సుద్దే. సాయంత్రం అదే వంకాయ రంగు చీర ముక్క ఫోటో తీసి చూశాను. వంకాయ వంకాయలాగే ఉంది.

అప్పు ఇచ్చినవాళ్ళకు ఫోను చేశాను. 9,000 పైన రుసుము ఎంతో చెప్పడానికి మూడు సార్లు వేరే వేరేవాళ్ళకు కలిపారు. చివరికి పత్రం మెయిలుకు పంపుతామన్నారు, ఇంకా రాలేదు. జూన్‌లో రజ పండుగకు ఆడపిల్లల బట్టలు బాగా వస్తాయి, ఆ డబ్బుతో తీర్చేయాలని ఉంది. బాకీ లేదన్న పత్రం చేతికి వచ్చాకే ఫోను అమ్మాయికి ఇస్తాను. అప్పటి వరకు నేను కొత్తది కొనను.

పాతపట్నం దుకాణం అతను నిన్న మళ్ళీ ఫోను చేశాడు. 6,500 కాదు, 7,000 ఇస్తాడట. జనవరిలో నేను సంతకం పెట్టిన కాగితం ప్రతి ఒకటి పంపగలరా అని అడిగాను. ఇప్పుడే చూసి చెబుతానని పెట్టేశాడు.