వేరుశనగ పేపర్ల బిబ్లియోమెట్రిక్స్: మీ అనుభవాలు చెప్పండి

పల్లీ_స్కాలర్
అందరికీ నమస్తే. వ్యవసాయ విస్తరణలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరుశనగ మీద వచ్చిన పేపర్లు, వాటిని ఇతర పేపర్లు ఉదహరించిన లెక్కలతో (సైటేషన్లతో) ఆ పరిశోధన ఎటు నడిచిందో చూడడం, అంటే బిబ్లియోమెట్రిక్స్, నా థీసిస్‌లో ఒక అధ్యాయం. ముందు ప్రపంచం మొత్తం చూద్దామని స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో ‘పీనట్’ అని వెతికి, వచ్చినదంతా దింపుకుని, పేపర్లలోని మాటల సంబంధాలను మ్యాప్‌గా గీసే వీఓఎస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌లో వేశాను. మ్యాప్ అందంగానే వచ్చింది. కానీ నడిమధ్యన అలర్జీ, పిల్లలు, ఇమ్యునోథెరపీ (అలర్జీకి చేసే ఒక చికిత్స). తిక్క ఆకుమచ్చ తెగులు, మొవ్వకుళ్లు తెగులు ఎక్కడో మూలన ఉన్నాయి. మాది కదిరి దగ్గర ఊరు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పంట, నేను గీసిన మ్యాప్‌లోనే సరిగా కనిపించడం లేదు. వచ్చే నెలలో సెమినార్ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు మీకు ఎదురైన ఇబ్బందులు చెప్పగలరా?

లైబ్రరీ_కౌంటర్
నేను విశ్వవిద్యాలయ లైబ్రరీలో పని చేస్తాను. ఇలాంటి మ్యాప్‌లు పట్టుకుని స్కాలర్లు తరచూ వస్తుంటారు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదమ్మా, మీరు వెతికిన మాటది. ‘పీనట్’ అమెరికా వాళ్ల మాట. మన శాస్త్రవేత్తలు, ఆఫ్రికా దేశాలవాళ్లు ఎక్కువగా ‘గ్రౌండ్‌నట్’ అని రాస్తారు. అంటే మీ సొంత పంట పేపర్లను మీరే బయట వదిలేశారు. రెండు మాటలూ, శాస్త్రీయ నామం ‘అరాకిస్ హైపోజియా’, మూడూ కలిపి వెతకండి.

అప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. ‘గ్రౌండ్‌నట్’ అంటే ‘బంబారా గ్రౌండ్‌నట్’ కూడా వచ్చి పడుతుంది. అది ఆఫ్రికాలో పండే వేరే పంట, అలసంద జాతిది. ‘పీనట్’ అంటే ‘పీనట్ అగ్లుటినిన్’ పేపర్లు వస్తాయి. అది పల్లీ నుంచి తీసే ప్రొటీన్, జీవకణాల ప్రయోగశాలల్లో వాడతారు. వాటికీ చేనుకూ సంబంధం లేదు. అలాగని ‘అలర్జీ’ ఉన్న పేపర్లన్నీ తీసేయకండి, అలర్జీ తక్కువగా ఉండే రకాల కోసం చేసిన ప్రజననం పేపర్లూ వాటితోపాటే పోతాయి. టైటిల్, సారాంశం చదివి చేత్తో ఏరుకోవడమే మార్గం.

సరిగా వెతికామా లేదా అని చూసుకోవడానికి నేను అందరికీ ఒకటే చెప్తాను. మీకు బాగా తెలిసిన ఇరవై ముప్పై పేపర్ల జాబితా ముందే రాసిపెట్టుకోండి. మీ వెతుకులాటలో అందులో ఎన్ని దొరికాయో చూడండి. దొరకనివి ఎందుకు దొరకలేదో కనుక్కుంటే మీ మాటల్లో లోపం బయటపడుతుంది.

ఆర్_కోడ్_రాత్రులు
లైబ్రరీ కౌంటర్ గారు చెప్పినదే అసలు పని. సాంకేతికంగా నేను దెబ్బతిన్నవి చెప్తాను. వెబ్ ఆఫ్ సైన్స్ అనే ఇంకో డేటాబేస్‌లో రిఫరెన్సులతో సహా కావాలంటే ఒకసారికి 500 రికార్డులే ఇస్తుంది, ముక్కలు ముక్కలుగా దింపాలి. నేను ఒక ముక్క దింపడం మరిచిపోయాను. ఆ ఐదు వందలు లేవని రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు. దింపిన ప్రతి ఫైల్‌కూ రికార్డుల సంఖ్య కాగితం మీద రాసుకోండి.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ కలిపితే ఒకే పేపర్ రెండుసార్లు వస్తుంది. డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) చూసి తీసేయొచ్చు, కానీ పాత పేపర్లలో చాలావాటికి డీఓఐ ఉండదు, టైటిల్ చూసి పోల్చాలి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘బిబ్లియోమెట్రిక్స్’ (bibliometrix) అనే ప్యాకేజీ ఈ కలిపే పని చేస్తుంది. కోడ్ రాయడం రాకపోతే అందులోనే ఉన్న బిబ్లియోషైనీ వాడండి.

గ్రాఫ్‌లో చివరి సంవత్సరం గీత కిందకి పడుతుంది. అది చూసి ‘పరిశోధన తగ్గింది’ అని రాసేశాను, గైడ్ గారు కొట్టేశారు. ఆ ఏడాది పేపర్లు ఇంకా డేటాబేస్‌లోకి పూర్తిగా ఎక్కలేదు, అంతే.

ఇంటిపేరు_ముందు
రచయితల పట్టిక మాత్రం అలాగే వాడకండి, దయచేసి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో రావులూ రెడ్లూ అంతా ఒకే కుటుంబం అయిపోతారు. ‘రావు కె.’ అనే ఒక్క పేరు కింద ఎంతమంది మనుషులు కలిసిపోతారో చూడండి. మరోవైపు ఒకే మనిషి ఒక పేపర్‌లో ‘శ్రీనివాసరావు’, ఇంకోదాంట్లో ‘రావు ఎస్.’, మరోచోట ఇంటిపేరు పూర్తిగా రాసి ముగ్గురిగా చీలిపోతారు. లక్ష్మి ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలు. పెళ్లయ్యాక పేరు మారిన ఆడవాళ్ల పేపర్లు రెండు ఖాతాల్లో పడతాయి. నా పేపర్లూ అలాగే విడిపోయాయి, కలిపించుకోవడానికి చాలా తిరగాల్సి వచ్చింది. అందుకే కొత్త స్కాలర్లకు చెప్తాను, మొదటి పేపర్ పంపే రోజే ఆర్కిడ్ ఐడీ (ORCID, పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి. పదహారు అంకెలు, ఉచితం.

రాజేంద్రనగర్_పాత_విద్యార్థి
మనుషుల పేర్లే కాదు, సంస్థల పేర్లూ అంతే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేము చదివిన సంస్థ 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైంది. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ క్యాంపస్ ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. అదే భవనం, అదే పొలం, పేపర్ల మీద మూడు చిరునామాలు. అలాగే వదిలేస్తే పాత విశ్వవిద్యాలయం 1996లో పరిశోధన ఆపేసినట్టు కనిపిస్తుంది.

పల్లీ_స్కాలర్
సర్, అయితే మూడింటినీ ఒకే పేరు కింద కలపాలా?

రాజేంద్రనగర్_పాత_విద్యార్థి
నా అభిప్రాయం అయితే వద్దు. పరిశోధన కేంద్రాన్ని బట్టి కట్టండి. కదిరి పరిశోధన కేంద్రం, తిరుపతి కేంద్రం, రాజేంద్రనగర్ ఇలా. విశ్వవిద్యాలయం పేరు మారినా కదిరి కదిరే. పేపర్ మీద చిరునామా పూర్తిగా ఉంటుంది, చదవాలి.

లైబ్రరీ_కౌంటర్
నేను కొంచెం విభేదిస్తాను. కేంద్రం పేరు రాయకుండా విశ్వవిద్యాలయం పేరు మాత్రమే రాసిన పేపర్లూ ఉంటాయి. రెండు కాలమ్‌లు పెట్టుకోండి, ఒకటి కేంద్రం, ఒకటి విశ్వవిద్యాలయం. ఏది ఎలా కలిపారో అధ్యాయంలో రాయండి. వైవాలో అదే అడుగుతారు.

అన్నట్టు, సాహిత్య సమీక్షలో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారిని మరిచిపోకండి. 1948లో ఇంగ్లండ్‌లో జరిగిన ఆస్లిబ్ (అక్కడి గ్రంథాలయాల సంఘం) సమావేశంలో ‘లైబ్రమెట్రీ’ (లైబ్రరీ పనులను లెక్కలతో కొలవడం) అనే మాట ప్రతిపాదించింది ఆయనే. ‘బిబ్లియోమెట్రిక్స్’ అనే మాటను ప్రిచర్డ్ ప్రచారంలోకి తెచ్చింది 1969లో. చాలా థీసిస్‌లు 1969 నుంచే మొదలుపెడతాయి, నాకు బాధగా ఉంటుంది.

డిగ్రీ_కాలేజీ_మేడమ్
హెచ్-ఇండెక్స్ గురించి ఒక మాట. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పేపర్లలో నాలుగింటికి కనీసం నాలుగేసి సైటేషన్లు ఉంటే అది 4, ఐదింటికి ఐదేసి ఉంటే 5, అలా. ఐదు పేపర్లకు వరుసగా 40, 12, 5, 4, 1 సైటేషన్లు ఉంటే హెచ్-ఇండెక్స్ 4. ఆ 40 బదులు 400 వచ్చినా 4కే ఆగుతుంది. నేను ఒక ఇంటర్వ్యూకు వెళ్తే వైద్య రంగంలో ఉన్న అభ్యర్థి సంఖ్యనూ, పంటల మీద పని చేసిన నా సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూశారు. చేను పరీక్ష అంటే కనీసం రెండు మూడు సీజన్లు. పత్రికల స్థాయికి కొలతగా వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కించేది గత రెండేళ్ల పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లతో. పంట పేపర్‌ను ఎవరైనా చదివి, పొలంలో పెట్టి, మళ్లీ పేపర్ రాసేసరికి ఆ రెండేళ్లు దాటిపోతాయి. పరిశోధనను సంఖ్యలతో కొలిచేటప్పుడు పాటించాల్సిన సూత్రాలతో 2015లో వచ్చిన లైడెన్ మ్యానిఫెస్టో ఈ మాటే చెప్పింది, రంగాన్ని బట్టి తేడాలు చూడాలని. మీ అధ్యాయంలో తెగుళ్ల పేపర్లను జన్యుశాస్త్రం పేపర్లతో నేరుగా పోల్చకండి.

ఇక్రిశాట్_పక్క_ఊరు
కొత్త రకం విడుదల గురించి రాసిన చిన్న నోట్లు ఎక్కడ వచ్చేవో కూడా చూడండి. పటాన్‌చెరు నుంచి ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ‘ఇంటర్నేషనల్ అరాకిస్ న్యూస్‌లెటర్’ వేసేది. అలాంటివి డేటాబేస్‌లో విడి రికార్డులుగా లేకపోయినా, ఇతర పేపర్ల చివర రిఫరెన్సుల్లో కనిపిస్తాయి. రిఫరెన్సుల ఫైల్‌లో పేరుతో వెతకండి.

పల్లీ_స్కాలర్
అందరికీ కృతజ్ఞతలు. మూడు మాటలతో మళ్లీ వెతికాను, బంబారా, అగ్లుటినిన్ పేపర్లు చేత్తో తీశాను. వీఓఎస్‌వ్యూయర్ థెసారస్ ఫైల్‌లో (ఒకే అర్థం ఉన్న మాటలను కలిపే పట్టికలో) ‘గ్రౌండ్‌నట్’, ‘పీనట్’ రెండింటినీ ఒకే మాటగా కలిపాను. ఇప్పుడు అఫ్లాటాక్సిన్ (పల్లీలకు పట్టే బూజు నుంచి వచ్చే విషం), కరువు తట్టుకోవడం, తెగుళ్లు మూడూ విడివిడి గుంపులుగా వచ్చాయి. అలర్జీ ఒక పక్కన ఉంది, అది ఉండాల్సిందే. ఇక్రిశాట్ పక్క ఊరు గారు చెప్పినట్టు రిఫరెన్సుల్లో వెతికితే కదిరి రకాల పేర్లు దొరుకుతున్నాయి. వాటికి వేరే పట్టిక కడుతున్నాను. రచయితల పేర్లు ఇంకా ‘ఆర్’ అక్షరం దగ్గరే ఉన్నాయి.

ఇంటిపేరు_ముందు
‘ఆర్’ దాటితే మిగతావి త్వరగా అయిపోతాయి. పట్టిక నాకు పంపండి, రెడ్ల పేర్లు నేను చూసి పెడతాను.