పోతన "పలికెడిది భాగవతమట" కందం రెండో పాదం: "పలికించు విభుండు" అనా, "పలికించెడివాడు" అనా?

పర్లాకిమిడి నుంచి:
మా ఊళ్ళో పెద్దల కోసం కట్టిన పద్యాల సైట్‌లో రెండు చిక్కులు ఒకేసారి వచ్చిపడ్డాయి. వెతికే పెట్టెలో "పలికించు విభుండు" అని కొట్టాను. లాగిన్ అడిగింది. లాగిన్ అయ్యాక వెతికే పేజీ ఖాళీగా తెరుచుకుంది, నేను కొట్టిన ముక్క మాయం. మళ్ళీ కొడితే "దొరకలేదు" అంది. చూస్తే డేటాబేస్‌లో ఉన్నది "పలికించెడివాడు రామభద్రుండట". మా తాతగారి నోట ఎప్పుడూ "విభుండు" అనే విన్నాను. ఏ పాఠం ఉంచాలి? ఆ ముక్క మధ్యలో ఎక్కడ పోతోందో కూడా చెప్పండి. సైట్ జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే పనిముట్టు) రాసింది.

బరంపురం నుంచి:
బాబూ, ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. మొదటి పాదం నుంచి లెక్కపెడితే తేడా అంతా ఐదో గణంలోనే. "చెడివా" సగణం, "చు విభుం" కూడా సగణమే. ఆరోది రెండింట్లోనూ "డు రామ", జగణం. యతి ప-భలకు, అదీ మారదు. చెవిని అడిగితే నాది "విభుండు" పక్షం. విభుండు, భద్రుండు అని ఆ "ండు" రెండుసార్లు మోగడం పోతన చెయ్యి.

గుణుపురం నుంచి:
మాస్టారూ, నేను ఒప్పుకోను. మొదటి పాదం "పలికెడిది" అని మొదలైంది. దానికి జోడు "పలికించెడివాడు". ఆ "ఎడి" తీసేస్తే పలికేదానికీ పలికించేవాడికీ ఉన్న తూకం పోతుంది. పైగా పద్యమంతా "అట, అట" అంటూ తనను తగ్గించుకుంటున్న కవి, మధ్యలో విభుడు అని బరువైన మాట వేస్తాడా?

రాయగడ నుంచి:
పాఠం సంగతి పెద్దలు చూస్తారు, నేను పోయిన ముక్క సంగతి చెబుతాను. దారి మళ్ళించేటప్పుడు సర్వర్ 302తో కొత్త చిరునామా పంపుతుంది, బ్రౌజర్ దాన్ని పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి అడుగుతుంది. వెతికిన మాట ఆ చిరునామాలో రాసి ఉంటేనే వెంట వస్తుంది. మీ లాగిన్ లింకులో నెక్స్ట్‌కి (లాగిన్ అయ్యాక ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పారామీటర్) రిక్వెస్ట్ డాట్ పాత్ ఇచ్చారేమో చూడండి. ప్రశ్న గుర్తు తర్వాతి భాగం అందులో ఉండదు. గెట్ ఫుల్ పాత్ వాడండి. దానికి యూఆర్ఎల్ ఎన్‌కోడ్ ఫిల్టర్ కూడా పెట్టాలి, లేకపోతే "&" దగ్గర తెగిపోతుంది. అప్పుడు పద్యం ముక్క వస్తుంది, తర్వాతి పారామీటర్ లాగిన్ పేజీ దగ్గరే ఉండిపోతుంది. లాగిన్ ఫారం యాక్షన్‌లో ఉత్త లాగిన్ చిరునామా ఉంటే, నెక్స్ట్‌ని దాచిన ఫీల్డ్‌గా పంపండి. లాగ్‌లో చాంతాడంత శాతం గుర్తులు చూసి టెన్షన్ పడొద్దు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు, చిరునామాలో 9 అక్షరాలు. "పలికించు" ఒక్కటే 72 అవుతుంది.

బరంపురం నుంచి:
గుణుపురం వారికి: విభుడు అన్నది రాముణ్ణి కదా, తనను కాదు. ఆయనను ఎంత ఎత్తితే కవి అంత తగ్గినట్టు. ఆ మూడు "అట"ల అందం అక్కడే ఉంది. ఎవరో అనుకుంటున్న మాటలా చెప్పి, "పలికెద" దగ్గర ఒక్కసారిగా తన గొంతు వినిపిస్తాడు.

సిరొంచ నుంచి:
మా వైపు పిల్లలు మరాఠీ బడికి వెళ్తారు, మీ వైపు ఒడియా బడికి. పద్యం వాళ్ళకు చెవి ద్వారానే అందుతుంది. ఎవరి ఇంట్లో ఏది చదివితే అదే వాళ్ళ పాఠం. రెండూ వెతుకులాటకు దొరకాలి. ఒకటి తీసేస్తే ఒక ఇంటి పద్యం పోయినట్టే.

పర్లాకిమిడి నుంచి:
రాయగడ అన్నా, పాత్ దగ్గరే పోతోంది. మార్చాను, ఇప్పుడు ముక్క లాగిన్ దాటి వస్తోంది. రెండు పాఠాలూ చేరుస్తున్నాను, పైన ఏది ఉండాలో మాస్టార్లు తేల్చాలి. ఇంకొకటి, డేటాబేస్‌లో "భాగవతమఁట" అని అరసున్నతో ఉంది. అది లేకుండా కొడితే దొరకడం లేదు. తీసెయ్యనా?

గుణుపురం నుంచి:
తీసెయ్యి బాబూ. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మీది, ఎవరూ పలకని గుర్తు ఎందుకు?

బరంపురం నుంచి:
వెతికేటప్పుడు పోల్చే ప్రతిలో తీసెయ్యి, చూపించే పద్యంలో ముట్టుకోకు. "నేఁ బలికిన" అన్నచోట ప ఎందుకు బ అయిందో ఆ అరసున్నే చెబుతుంది. "ఎడి" సంగతి ఇంకా అవలేదు, పాత ముద్రణ ఇంట్లో ఉన్నవాళ్ళు రెండో పాదం ఫోటో పెట్టండి.