నగర్ రచనా (టౌన్ ప్లానింగ్) సెక్షన్‌లో ఆవక్ (వచ్చిన కాగితాల) టేబుల్: కాగితాలు పూర్తిగా లేకపోతే నంబరు వేయాలా, వద్దా?

కొత్త లిపిక్ (బిలోలి వైపు):
అందరికీ నమస్కారం. నాందేడ్ జిల్లా సరిహద్దులో ఒక నగరపరిషత్‌లో కనిష్ఠ లిపిక్‌గా (జూనియర్ క్లర్క్‌గా) చేరాను. ఊరి పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి. నన్ను నగర్ రచనా విభాగంలో వేశారు. ఇంట్లో తెలుగు, బడి అంతా మరాఠీలో కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. పనితోనే టెన్షన్. ఆవక్, జావక్ (బయటికి పంపే కాగితాల) రిజిస్టర్లు, ఫైళ్లకు టిప్పణీ (నోట్), కౌంటర్, పాత అల్మారాలు అన్నీ నా మీదే. నా ముందు ఉన్నాయన బదిలీ అయిపోయారు, చెప్పి అప్పగించింది ఏమీ లేదు.

అసలు ప్రశ్న ఇది. కట్టడం పర్మిషన్‌కో, జోన్ దాఖలాకో (జోన్ సర్టిఫికెట్‌కో) జనం కాగితాలు తెస్తారు. ఒకటి ఉంటే ఇంకొకటి ఉండదు. "తీసుకుని పక్కన పెట్టు, అన్నీ వచ్చాక నంబరు వెయ్యి" అని పైనుంచి నోటిమాటగా చెప్తారు. అలా పక్కన పెట్టినవి నా టేబుల్ కింద ఒక కట్ట అయ్యాయి. మొన్న ఒక ముసలాయన వచ్చి "బిడ్డా, నా అర్జీ ఎక్కడిదాకా పోయింది?" అని తెలుగులో అడిగాడు. రిజిస్టర్‌లో ఆయన పేరే లేదు. ఆయన చేతిలో రసీదూ లేదు. ఏం చెప్పాలో తోచలేదు.

ఇంకోటి, "పోయిన నెల తారీఖు వేసి నంబరు ఇవ్వమ్మా" అని ఒకాయన మొహమాటపెడుతున్నాడు. మధ్యలో ఒక గీత ఖాళీగా ఉందట. ఏం చేయాలి?

సేవా కేంద్రం, ధర్మాబాద్:
అక్కా, ముందు ఆ టేబుల్ కింద కట్టలో ఉన్న ప్రతి కాగితాన్నీ ఈరోజే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
అమ్మా, నంబరు వేయి. కాగితం నీ చేతికి వచ్చిన రోజే వేయి. కాగితాలు పూర్తిగా ఉన్నాయా లేదా చూడటం ఇంజినీర్ పని. వచ్చిందా, ఎప్పుడు వచ్చింది, ఎన్ని కాగితాలు వచ్చాయి అని రాయడం నీ పని. ఈ రెండు పనుల్నీ కలగలిపితేనే ఆ ముసలాయనలాంటి వాళ్లు నష్టపోతారు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నువ్వు వేసే తారీఖు మీద చట్టం ఆధారపడి ఉంది. 1966 నాటి మహారాష్ట్ర ప్రాదేశిక, నగర్ రచనా చట్టంలో 45వ సెక్షన్ చదువు. కట్టడం అర్జీ అందిన 60 రోజుల్లో ఆఫీసు ఏ సంగతీ తెలియజేయకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే లెక్క. ప్లాన్ మాత్రం నియమాలకు లోబడి ఉండాలి. నియమం తప్పి కడితే ఆ లెక్క చెల్లదు, అది అనధికార కట్టడమే అవుతుంది. ఆ 60 రోజులు ఎక్కడ మొదలవుతాయి? నీ ఆవక్ ముద్ర దగ్గర. నువ్వు ముద్ర వేయకుండా పక్కన పెడితే చట్టం ఇచ్చిన గడువు ఎప్పుడు మొదలైందో ఆ మనిషి చూపలేడు. నెలల తరబడి తిరుగుతాడు, ఎవరినీ అడగలేడు, ఎందుకంటే చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

ఎంట్రీ ఇలా ఉండాలి: క్రమ సంఖ్య, అందిన తారీఖు, ఇచ్చినవారి పేరు, ఊరు, వారి కాగితం మీద ఉన్న తారీఖు, విషయం, జత కాగితాలు ఎన్ని, ఎవరికి పంపావు, వాళ్ల సంతకం. ఇందులో అందరూ వదిలేసేది జత కాగితాల సంఖ్య. దాన్ని ఎప్పుడూ వదలకు. "అర్జీ, సాత్‌బారా (7/12, భూమి రికార్డు) నకలు, ప్లాన్ 2 ప్రతులు, మొత్తం పేజీలు 9" అని రాసి, అదే సంఖ్య పోచ్ (రసీదు) మీద కూడా వేసి ఇవ్వు. రేపు ఫైల్లోంచి ఒక కాగితం మాయమైతే అది ఎక్కడ మాయమైందో ఆ 9 అంకె చెప్తుంది. నీ మీదికి రాదు, అర్జీదారు మీదికీ పోదు.

లిపిక్, కిన్వట్:
సార్ చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. సగం కాగితాలకు నంబరు వేస్తే 60 రోజుల గడియారం తిరుగుతూనే ఉంటుంది కదా? ఏజెంట్లు కావాలనే ఒక్క తెల్లకాగితం ఇచ్చి నంబరు పట్టుకుపోతారు. తర్వాత సాహెబ్ మన మీదే కేకలేస్తాడు. మా దగ్గర చెక్‌లిస్ట్ పూర్తయ్యాకే తీసుకుంటాం.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
తమ్మీ, నీ భయం నిజమే. కానీ దానికి జవాబు అదే సెక్షన్‌లో ఉంది. కాగితాలు తక్కువగా ఉంటే ఫలానావి తెమ్మని ఆఫీసు త్రుటి పత్రం పంపాలి. దానికి అర్జీదారు ఇచ్చిన జవాబు అందిన తారీఖు నుంచి 60 రోజులు లెక్క. అర్జీ తారీఖు, జవాబు తారీఖు, ఈ రెండిట్లో ఏది తర్వాతిదైతే అది. అంటే ఆఫీసుకు రక్షణ ఉంది, అది త్రుటి పత్రం పంపిన ఆఫీసుకే. కట్టను టేబుల్ కింద పెట్టిన ఆఫీసుకు ఏ రక్షణా లేదు. ఎవరైనా స్పీడ్ పోస్ట్‌లో పంపిన అర్జీ మనకు చేరిన రుజువు చూపిస్తే ఆరోజే అందినట్టు తేలిపోతుంది. మన రిజిస్టర్ తెల్లగా ఉంటే మనమే దోషులం.

చెక్‌లిస్ట్ మంచిదే. గోడకు అంటించండి, ముందే చూపించండి, "ఇవి తెచ్చుకుంటే పని తొందరగా అవుతుంది" అని చెప్పండి. విని వెనక్కి వెళ్లేవాడు వెళ్తాడు. "లేదు, ఇప్పుడే ఇస్తాను" అంటే తీసుకుని నంబరు వేయాలి. మనిషి కాగితం ఇచ్చి వెళ్లాక నంబరు లేకుండా ఉంచుకోవడం మాత్రం ఎప్పటికీ సరికాదు.

జావక్ కూడా అంతే ముఖ్యం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తిరస్కరిస్తూ రాసిన ఉత్తరం మీద సంతకం అయిపోతే పని అయిపోయిందనుకుంటారు. అది అర్జీదారుకు తెలియజేయాలి. తెలియజేసిన రోజు నుంచి 40 రోజుల్లో 47వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఆయనకు ఉంది. ఉత్తరం నీ ట్రేలో పడి ఉంటే ఆ హక్కు కూడా ట్రేలోనే పడి ఉన్నట్టు. పంపిన రోజే జావక్ నంబరు వేసి, పోస్టు రసీదును ఆఫీసు ప్రతికి పిన్ చేయి.

ఇక వెనకటి తారీఖు సంగతి. వద్దమ్మా, ఎవరు చెప్పినా వద్దు. అది ఫోర్జరీ, నీ చేతిరాత మీద పడే కేసు. రిజిస్టర్‌లో ఖాళీ గీతలు ఉంచకు. రోజూ సాయంత్రం చివరి ఎంట్రీ కింద గీత కొట్టి, తారీఖు వేసి, సంతకం పెట్టు, వీలైతే పై అధికారి సంతకం కూడా తీసుకో. ఇప్పుడు ఉన్న ఖాళీ గీతను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి "ఖాళీ" అని రాయి. ఒత్తిడి ఎక్కువైతే "టిప్పణీ మీద రాసివ్వండి సార్, అలాగే చేస్తాను" అను. ఎవరూ రాసివ్వరు. నీ మాటలో మర్యాద తగ్గదు, ఆ తప్పు పనీ జరగదు.

కొత్త లిపిక్:
చాలా ధైర్యం వచ్చింది సార్. మరి ఆ టేబుల్ కింద కట్టకు ఇప్పుడు ఏ తారీఖు వేయాలి? ఇంకో సందేహం, కట్టడం పర్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి కదా, రిజిస్టర్ ఎందుకని కొందరు అంటున్నారు.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
కట్టకు ఈరోజు తారీఖే. నువ్వు చేసేది ఈరోజు. కాకపోతే అర్జీ మీద వాళ్లు రాసుకున్న తారీఖు ఉంటుంది, అది దాని కాలమ్‌లో యథాతథంగా రాయి. షేరా (రిమార్కుల) కాలమ్‌లో "విభాగంలో నంబరు లేకుండా దొరికినవి" అని రాసి, మొత్తం జాబితా చేసి, ముఖ్యాధికారికి ఒక టిప్పణీ పెట్టు. ఎవరి మీదా నింద వేయకు, ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ జాబితాలో ముసలాయన పేరు మొదట ఉండాలి. ఆయనకు పోచ్ ఇప్పించు.

ఆన్‌లైన్ వచ్చినా కాగితం ఆగలేదు. పక్కింటివాడి ఫిర్యాదు, వికాస ప్రణాళిక మీద అభ్యంతరం, కోర్టు నోటీసు, సమాచార హక్కు అర్జీ, ఎమ్మెల్యే ఉత్తరం, ఇవన్నీ చేతికే వస్తాయి. సమాచార హక్కు అర్జీకి 30 రోజుల గడువు కూడా నీ ముద్ర నుంచే లెక్క.

ఇంకోటి, ఇవన్నీ నీ పేరు మీద ఉన్నట్టు కార్యాలయ ఆదేశం తీసుకో. రిజిస్టర్లు, అల్మారా తాళాలు, రబ్బరు ముద్రలు రాసి చార్జ్ లిస్ట్ మీద సంతకాలు చేయించుకో. పాతాయన బదిలీ అయినా పిలిపించవచ్చు.

డ్రాఫ్ట్స్‌మన్, ధర్మాబాద్:
నేను ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేస్తాను, కౌంటర్‌కి అటువైపు మనిషిని. మా వైపు నుంచి రెండు మాటలు.

మన జనం గజాల్లో చెప్తారు, ఫారం చదరపు మీటర్లలో ఉంటుంది. 2020 డిసెంబరులో వచ్చిన ఏకీకృత కట్టడ నియమావళిలో చిన్న ప్లాట్లకు లో రిస్క్ అనే తేలిక దారి ఉంది. అది 150 చదరపు మీటర్ల దాకానే. ఒకాయన వచ్చి "180 గజాలు" అన్నాడనుకోండి, అది 150.5 చదరపు మీటర్లు. అర చదరపు మీటరుతో వేరే వర్గంలోకి పోతుంది. కౌంటర్ దగ్గర నోటిలెక్కతో "మీది చిన్నదే, అయిపోతుంది" అనకండి. గుంట అంటే ఒక ఆర్ అని కూడా అనుకుంటారు. గుంట 101.17 చదరపు మీటర్లు, ఆర్ సరిగ్గా 100. ఒక గుంటకు తేడా తెలియదు గానీ, 20 గుంటలకు 23 చదరపు మీటర్లు దాటుతుంది. లేఅవుట్‌లో అది కొలత తగాదా అవుతుంది. అనుమానం ఉంటే భూమి అభిలేఖ్ (భూమి రికార్డుల ఆఫీసు) వాళ్ల మోజణీ (కొలత) "క" ప్రతి అడగండి, దానిమీద ఉన్న కొలతే రాయండి.

రెండోది పేర్లు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, లేదంటే ఒక్క అక్షరంతో సరిపెడతారు. సాత్‌బారాలో సొంత పేరు, తండ్రి పేరు, చివర్లో ఇంటిపేరు. ఒకే మనిషి ఆధార్‌లో గంగన్న, సాత్‌బారాలో గంగారాం అయి ఉంటాడు. సరిచేద్దామని రిజిస్టర్‌లో మీరు మార్చి రాయకండి అక్కా. అర్జీలో ఎలా ఉందో అలాగే రాసి, షేరాలో "7/12లో పేరు వేరు" అని పెట్టండి. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మని త్రుటి పత్రంలోనే అడిగితే, మళ్లీ తిరగక్కర్లేదు.

లిపిక్, కిన్వట్:
పేర్ల సంగతి ముమ్మాటికీ నిజం. మా దగ్గర సగం త్రుటి పత్రాలు దీనికే. సార్, త్రుటి పత్రం వెంటనే పంపే పద్ధతి మా సాహెబ్‌కు చూపిస్తాను. నమూనా ఉంటే పెట్టండి.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
నమూనా పెద్దదేమీ కాదు. అర్జీ ఆవక్ నంబరు, తారీఖు, తక్కువైన కాగితాల పేర్లు, ఎన్నాళ్లలో తేవాలో, అంతే. ఒకే పత్రంలో అన్నీ అడగాలి. ఒకసారి సాత్‌బారా, మళ్లీ నెలకు మోజణీ, ఇంకో నెలకు అఫిడవిట్ అని అడగడం మనిషిని సతాయించడమే.

కొత్త లిపిక్:
పాత అల్మారాల గురించి కూడా చెప్పండి సార్. తలుపు తీస్తే కట్టలు మీద పడుతున్నాయి. కొన్ని ఉర్దూలో ఉన్నాయి.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
మన రాష్ట్ర ఆఫీసుల్లో ఆరు కట్టల పద్ధతి అని ఉంది, పాతవాళ్లందరికీ తెలుసు. నడుస్తున్న ప్రకరణాలు (కేసులు) ఒక కట్ట, బయటినుంచి జవాబు కోసం ఆగినవి ఒకటి, నెలవారీ పత్రకాలు (రిపోర్టులు) ఒకటి, స్థాయీ ఆదేశాలు ఒకటి, అభిలేఖ్ (రికార్డు) గదికి పోవలసినవి ఒకటి, నాశనం చేయవలసినవి ఒకటి. ముందు ఇలా విడదీయి, ఫైలు లోపలికి చదవడం తర్వాత. నడుస్తున్నవాటితోనే మొదలుపెట్టు, జనం వాటికోసమే నిలబడి ఉన్నారు. "ఆగినవి" కట్ట ప్రతి వారం తిరగేయి. అక్కడే ఫైళ్లు చచ్చిపోతాయి.

అభిలేఖ్‌లో "అ" వర్గం శాశ్వతం, "బ" 30 ఏళ్లు, "డ" ఏడాదే. మంజూరైన లేఅవుట్లు, వికాస ప్రణాళిక షీట్లు "అ"లోకే పోవాలి. ఏ వర్గమో నువ్వు ఒక్కదానివే నిర్ణయించకు, పై అధికారి సంతకం ఉండాలి. ఉర్దూ కాగితాలను మాత్రం చదవరాదని "డ" కట్టలో వేయొద్దు. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఊళ్లో ఒక ఇంటి హద్దు, ఒక బాట హద్దు ఆ కాగితంలోనే ఉండవచ్చు. వేరే సంచిలో కట్టి, ఉర్దూ తెలిసినవారితో విషయం ఒక చీటీ మీద రాయించి పైన అంటించు.

కొత్త లిపిక్:
చివరిది. తెలుగులో రాసిన ఫిర్యాదు తెస్తే తీసుకోవచ్చా? మరాఠీలోనే రాయించుకు రమ్మని మా దగ్గర తిప్పి పంపుతారు.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
తీసుకోవాలి బిడ్డా. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, తన కష్టం చెప్పుకోవడానికి దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా అధికారికి అర్జీ ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఆఫీసు నడిచేది మరాఠీలో, నీ టిప్పణీ మరాఠీలోనే ఉండాలి. అర్జీ మీద నంబరు వేసి, పోచ్ ఇచ్చి, విషయాన్ని మరాఠీలో ఒక పేజీ సారాంశంగా రాసి జతచెయ్యి. కింద "అర్జీదారుకు చదివి వినిపించాను" అని రాసి ఇద్దరూ సంతకం చేయండి. వేలిముద్ర అయితే పక్కన సాక్షి సంతకం తీసుకో. అసలు తెలుగు కాగితం ఎప్పుడూ పైనే ఉండాలి.

కొత్త లిపిక్:
సరే సార్. రేపు పొద్దున్నే కట్ట విప్పి జాబితా మొదలుపెడతాను. ముఖ్యాధికారికి పెట్టే టిప్పణీ ఇక్కడ పెడతాను, పేర్లు తీసేసి. ఒకసారి చూసి చెప్పండి.

రిటైర్డ్ హెడ్ క్లర్క్, దెగ్లూర్:
పెట్టమ్మా, చూస్తాను. జాబితా రెండు ప్రతులు తీయి, ఒకటి నీ దగ్గర ఉంచుకో.