రోమన్ ఉంగరపు తాళం చెవి నమూనా: గడియ సగంలో పట్టేస్తోంది, సలహా కావాలి

రోమన్లు వేలికి పెట్టుకున్న తాళం చెవుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి తిప్పేది, ఇంకొకటి పళ్ళతో ఎత్తి పక్కకు జరిపేది. మేం చేస్తున్నది రెండోది, చిన్న నగల పెట్టెకు.

పలకలో ఎల్ ఆకారపు కంత ఉంది. చెవి దూర్చి ఎత్తితే పళ్ళు కిందినుంచి గడియ రంధ్రాల్లోకి వెళ్ళి, పైనుంచి వాటిలోకి దిగి గడియను ఆపే పిన్నుల్ని పైకి నెడతాయి. పిన్నుల మీద పట్టీ స్ప్రింగు ఉంది. పిన్నులు పూర్తిగా లేస్తే చెవితోపాటే గడియ జరగాలి.

గడియ మందం 4 మి.మీ. పళ్ళ పొడవూ సరిగ్గా అంతే ఉండాలి. పొట్టిదైతే పిన్ను కొన గడియలోనే మిగిలిపోతుంది. పొడవైతే పన్నే పైన పిన్ను ఉండే రంధ్రంలోకి దూరి అడ్డుపడుతుంది. ఇప్పుడు ఎత్తడం బాగానే ఉంది. జరుపుతుంటే మాత్రం రెండో పిన్ను మొదటి రంధ్రం మీదికి రాగానే టక్కున దిగుతోంది. అక్కడి పన్ను వెంట్రుకవాసి తక్కువున్నా చాలు, పట్టేస్తుంది.

పిన్ను కొన గుండ్రం చేస్తే జారుతుంది, కానీ అప్పుడు చెవి లేకుండా లాగినా గడియ వచ్చేస్తుంది. అది తాళమే కాదు! అసలు రోమన్ గడియల్లో త్రికోణం, చతురస్రం ఇలా వేర్వేరు కంతలు కనిపిస్తాయి. అలా మారిస్తే ఈ పట్టేయడం పోతుందా, లేక పిన్నుల మధ్య దూరాలు కూడా అసమానంగా పెట్టాలా?

ఇంకొకటి: సీసం లేని కంచు, తగరం 10 శాతం. పోతలో సన్నపళ్ళు నిండడం లేదు. దిమ్మగా పోసి ఆకురాయితో పళ్ళు కోసుకోవడమే మేలా?