గ్రీన్ బే ప్యాకర్స్ పాత అభిమానుల గురించి తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టయిన గ్రీన్ బే ప్యాకర్స్ చరిత్ర చదువుతున్నకొద్దీ విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే అనే ఆ చిన్న ఊరి మీద నాకు గౌరవం పెరుగుతోంది. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్హూన్ కలిసి ఆరంభించిన ఈ జట్టు, తొలి దుస్తులకు డబ్బిచ్చిన మాంసం ప్యాకింగ్ కంపెనీ గుర్తును పేరులో నిలుపుకుని, 1923 నుంచి ఏ ఒక్క ధనవంతుడి సొత్తూ కాకుండా వాటాదారుల అండతోనే నడుస్తోంది. వాటా కొన్నవారికి డివిడెండు రాదు, దాన్ని లాభానికి అమ్ముకునే వీలూ లేదు. అయినా 1950లో జట్టు ఆర్థికంగా కుంగినప్పుడు జనం ముందుకొచ్చి కొన్నారు. 1956లో కొత్త స్టేడియం కోసం ఓటింగ్ జరగబోతుండగా, బద్ధ ప్రత్యర్థి షికాగో బేర్స్ అధిపతి జార్జ్ హాలస్ స్వయంగా వచ్చి ఆ ఊరి పక్షాన మాట్లాడటం నన్ను అన్నిటికన్నా కదిలించింది.

నా సందేహం అదే రాష్ట్రంలోని మిల్వాకీ నగరం గురించి. 1933 నుంచి 1994 వరకు తాను ఆతిథ్యమిచ్చే మ్యాచ్‌లలో కొన్నింటిని అక్కడే ఆడిన జట్టు, ఆ తరువాత అన్నిటినీ గ్రీన్ బేకే మార్చినప్పుడు, మిల్వాకీ సీజన్ టికెట్‌దారులకు కొన్ని ఆటలను ప్రత్యేకంగా కేటాయించింది. ఆ మార్పును అక్కడి కుటుంబాలు ఎలా స్వీకరించాయి? విస్కాన్సిన్‌లో స్థిరపడిన తెలుగువారెవరైనా ఇరుగుపొరుగు పెద్దల నుంచి విన్న సంగతులు రాసినా, ఆనాటి స్థానిక పత్రికల ప్రతులు ఏ గ్రంథాలయంలో చూడవచ్చో తెలిపినా ఎంతో కృతజ్ఞుడనై ఉంటాను.