తొక్కడం మొదలైన 15 సెకన్లలో ఊపిరి వేగం పెరగడానికి ఊపిరితిత్తుల రక్తప్రవాహమే కారణమా?

ఎంబీబీఎస్ మొదటి ఏడాది, ఫిజియాలజీ ప్రాక్టికల్. ఎర్గోమీటర్ (శ్రమను కొలిచే, కదలని వ్యాయామ సైకిల్) మీద 50 వాట్ల దగ్గర నేనే తొక్కాను. కూర్చున్నప్పుడు నిమిషానికి 14 శ్వాసలు, పల్స్ 76. తొక్కడం మొదలుపెట్టిన 15 సెకన్లలోపే శ్వాస 20కి, పల్స్ 94కి చేరాయి. బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం మాత్రం 38 mmHg దగ్గరే ఉంది, ఒక పాయింటు తగ్గింది కూడా. కాళ్ల కండరాల రక్తం అప్పటికి ఊపిరితిత్తులకు చేరి ఉండదు కదా!

మూడుసార్లు చేశాను, అదే ఫలితం. తర్వాత నా కాళ్లు ఊరికే పెడల్స్ మీద పెట్టి స్నేహితుడితో తిప్పించాను. అప్పుడూ శ్వాస పెరిగింది, కానీ 17 వరకే. పరీక్ష అని ముందే తెలుసు కాబట్టి టెన్షన్ కూడా కొంత కలిసుండొచ్చు.

1974లో వాసర్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పింది చదివాను: గుండె పంపే రక్తం పెరిగి, ఊపిరితిత్తులకు చేరే కార్బన్ డయాక్సైడ్ మొత్తం పెరగడం వల్లే శ్వాస పెరుగుతుందని. బాగానే ఉంది. అయితే గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లలో, నరాలు తెగిపోవడం వల్ల పల్స్ మెల్లగా పెరిగినా, శ్వాస మాత్రం మొదట్లోనే దాదాపు మామూలుగా పెరుగుతుందట. మా సార్ని అడిగితే "మెదడు, కీళ్లు, అన్నీ కలిసే" అన్నారు. అది జవాబులా అనిపించలేదు.

మార్పిడి చేసిన గుండె, పల్స్ వెంటనే పెరగకపోయినా, ఒక్కో దెబ్బకు పంపే రక్తాన్ని పెంచుకోగలదు కాబట్టి, ఆ రోగుల ఫలితం రక్తప్రవాహ సిద్ధాంతాన్ని నిజంగా కొట్టిపారేస్తుందా, లేదా?